తపసి బంక – చిటికెడు ఉప్పు

మా మేనమామది భూపాలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరు. ఎండాకాలంలో తపసి చెట్లకు గాటు పెట్టి, ఊరిన బంకను ఎండబెట్టి అమ్మేవాడు. గాటు లోతైతే చెట్టు చస్తుందని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంటర్ సెలవుల్లో ఓసారి ఆయన వెంట మానుకోట వెళ్ళాను. షావుకారు కాస్త బంకపొడి గ్లాసెడు బోరునీళ్ళలో వేశాడు. పొద్దెక్కినా అది చిక్కబడలేదు. "కల్తీ సరుకు" అని సగం ధరే చేతిలో పెట్టాడు. మామ ఏదో చెప్పబోయాడు గాని విన్నదెవరు? నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే కలిగింది. జనగామ బస్సెక్కుతూ "వస్తా మామా" అని కూడా అనలేదు.

ఎం.యస్సీ.లో పాలిమర్ల ప్రాక్టికల్సు వచ్చాకగాని ఆ గ్లాసు సంగతి తేలలేదు. అమ్మకని మామ ఇచ్చిన పొట్లం ఇంట్లోనే పడి ఉంది. అందులోంచి కొంత స్వేదనజలంలో వేస్తే తెల్లారేసరికి జావలా చిక్కబడింది. చిటికెడు ఉప్పు కలిపితే జారుడైంది. కాల్షియం క్లోరైడు అంతకన్నా తక్కువతోనే పలచన చేసింది.

బంక అణువు ఒక పొడవాటి గొలుసు. దాని పొడవునా ఉన్న ఆమ్ల సమూహాలు నీటిలో ఋణావేశం పొంది ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గొలుసు చాచుకుంటుంది. అలా చాచుకున్న గొలుసులు ఒకదానికొకటి అడ్డుపడబట్టే నీరు చిక్కబడేది. ఉప్పు వేస్తే సోడియం అయాన్లు చుట్టూ మూగి ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. నెట్టుడు తగ్గి గొలుసు ముడుచుకుంటుంది. ఒక ఆవేశం ప్రభావం ఉప్పునీటిలో ఎంత దూరం పోతుందో డిబై, హకెల్ 1923లోనే లెక్కగట్టారు: లీటరుకు 0.001 మోలు ఉప్పుంటే దాదాపు 10 నానోమీటర్లు, 0.1 మోలుంటే ఒక్కటే. కాల్షియం అయానుకు రెండు ఆవేశాలు గనుక దాని దెబ్బ ఇంకా గట్టిది. మన బోరునీళ్ళలో కాల్షియానికి కరువా! పప్పుడకదు, సబ్బు నురగరాదు.

పోయిన వేసవిలో స్వేదనజలం సీసా, రెండు గ్లాసులు పట్టుకొని మామ దగ్గరికి వెళ్ళాను. గొప్పగా అంతా చెప్పాను. ఆయన నవ్వాడు.

"మా వాగు నీళ్ళల్ల ఉబ్బుతది, గా బోరు నీళ్ళల్ల ఉబ్బదని ఆ దినం గదే చెప్పబోయిన గద అల్లుడా. నువ్వు బస్సు దిక్కు చూస్తున్నవ్."

షావుకారుకు చూపిద్దాం పదమన్నాను. గాటు పెట్టుడు మానేసి మూడేండ్లయిందన్నాడు.