శరత్తులో కొలువు మెట్లు

వర్జీనియాలో శరత్తు ముదిరేనాటికి స్కైలైన్ డ్రైవ్ 105 మైళ్ళూ వర్ణశోభితమే. శనివారం అమ్మను అటు తీసుకువెళ్ళాము. ఆకులోని పసుపు మొదటినుంచీ దాగి ఉన్నదేననీ, పచ్చదనం క్షీణించాక బయటపడుతుందనీ, మేపుల్ ఎరుపు మాత్రం అప్పటికప్పుడు పుట్టేదనీ మా అమ్మాయి వివరించింది. “రాలేముందు ఇంత సింగారమా!” అని అమ్మ విస్తుపోయింది.

ఆదివారమంతా దసరా బొమ్మల కొలువుకు మెట్లు కట్టడంతోనే సరి. ఏడు మెట్లుండాలని అమ్మ పట్టు. మా ఇరుకు హాలులో అయిదే పట్టాయి. (కొండపల్లి దశావతారాలు మాత్రం ఎలాగో సర్దుకున్నాయి లెండి.)

మావారు మేకుల డబ్బా తెరవగానే అమ్మ వారించింది.

“స్క్రూలు బిగించండి బాబూ. నవంబరులో నేను వెళ్ళిపోతాను. పైయేడు మీరు పనిమీద ఊరెళ్ళినా అమ్మాయి ఒక్కతే విప్పి బిగించుకోగలగాలి,” అంటూ స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టింది.