కనుమనాటి దొర వేషం

మా కొండల్లో కల్లు తాగడానికి వేషం కట్టనక్కర్లేదు. జీలుగు చెట్టు కింద కూర్చుంటే చాలు. అడ్డాకు డొప్పలో పోసిన కల్లు మొదట రెండు చుక్కలు నేలకు, అంటే చనిపోయిన పెద్దలకు. ఆ తర్వాతే మనకు. కందికొత్తల పండగైతే ఒక ఇంట్లో కొంచెం, పక్కింట్లో కొంచెం తాగుతూ గూడెం చివరికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. అందుకే 2024 కనుమ రోజున నా స్నేహితులు "వేషాలేసుకుని కల్లుపాకలన్నీ తిరుగుదాం రారా" అన్నప్పుడు నాకు కొత్తగా తోచింది వేషాలే. తిరగడం కాదు.

మాది మందస మండలంలో, మహేంద్రగిరి కింద ఒక సవర గూడెం. ఇంటర్ టెక్కలిలో, డిగ్రీ పలాసలో చదివాను. ఆ నలుగురూ ఉద్దానం కుర్రాళ్ళు. చదువయ్యాక ఒకడు హైదరాబాదు, ఒకడు చెన్నై, ఇద్దరు ఇక్కడే. ఉద్దానంలో సంక్రాంతి అంటే ముందుగా రైలు దిగేవాళ్ళ పండగ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక ఆ రైళ్ళు ఎక్కేవాళ్ళు ఇంకా పెరిగారు. పండగకి వచ్చినవాళ్ళకి మూడు రోజుల్లో ఏడాది సరదా అంతా తీరాలి.

మా వైపు అమ్మవారి సంబరాల్లో నేలవేషాలు అందరూ చూసే ఉంటారు. ఆ వరసలోనే మావాళ్ళు ఎవరికి ఏది దొరికితే అది కట్టారు. ఆటో ఉన్నవాడు యముడు. అట్టతో కిరీటం, భుజాన గద. చెన్నైవాడు అక్క చీర అడిగి తెచ్చుకుని సత్యభామ అయ్యాడు. ఇంకొకడు ఇన్‌స్పెక్టరు. నేను డిగ్రీ ఫేర్‌వెల్‌కి కుట్టించుకున్న కోటు, టై వేసుకుని ఎవరిదో టోపీ పెట్టుకుని ఇంగ్లీషు దొరనయ్యాను. హైదరాబాదువాడు అడవిమనిషి. ఒంటికి బొగ్గు, తలకి కోడి ఈకలు, చేతిలో వెదురు బల్లెం, నడుముకి మామిడాకులు.

ఆ ఆకులు ఎవరు కట్టారని అడగండి. నేనే కట్టాను. "ఒరే, నీకు ఆకులు కుట్టడం వచ్చు కదా, ఊడిపోకుండా కట్టు" అన్నాడు. మా అమ్మతో అడ్డాకులు కుట్టిన చేతులు ఇవి. గట్టిగా కట్టాను. నేను సవరవాడినని వాడికి తెలుసు. హాస్టల్లో నాలుగేళ్ళు నా పక్క మంచం వాడిది. తెలిసి వెక్కిరిద్దామని కట్టిన వేషం కాదది. తన వేషమూ పక్కనున్న నేనూ ఒకటే సంగతని వాడికి తట్టనే లేదు. నాకు తట్టింది. నోరు విప్పలేదు.

విప్పకపోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. నేను నాలుగో తరగతిలో ఉండగా బడిలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టారు. ఒక మాస్టారు నన్ను పిలిచి, "నువ్వు గిరిజనుడివి" అని ఆకులు చుట్టించి, మొహానికి మసి రాయించి నిలబెట్టారు. మా తాత గోచీ నేను చూశాను. నేసిన గుడ్డ అది, అంచున ఎర్ర కుచ్చులు, ముందూ వెనకా వేలాడేంత పొడుగు. మా నాయనమ్మది అంచు నేసిన ముతక చీర, నుదుట పచ్చబొట్టు. ఆకులు కట్టుకున్నవాణ్ణి మా గూడెంలో ఆ రోజుకి నేను చూడలేదు. నాకు రెండో బహుమతి వచ్చింది, ఒక స్టీలు గిన్నె. ఇప్పటికీ ఇంట్లో ఉంది, అమ్మ ఉప్పు పోసుకుంటోంది.

సరే, కనుమ. కాశీబుగ్గలో బయల్దేరి పూండి దాటి అక్కుపల్లి సముద్రం వైపు ఆటో పోనిచ్చాం. మొదటి పాకలో నవ్వులే నవ్వులు. ఇన్‌స్పెక్టరు కల్లు కుండకి కేసు రాశాడు. సత్యభామ కొంగు బిగించి పాకవాడితో బేరమాడింది. ఎండుచేపలు వేయించి ఊరికే పెట్టారు. అడవిమనిషి సినిమాల్లో విన్న అరుపులన్నీ అరిచి బల్లెం ఆడించాడు. జనం చిల్లర వేసింది ఎక్కువ వాడికే. ఒకాయన పక్కవాడికి చెప్పాడు, "సవరోళ్ళ బాస రా అది." నేను టోపీ కొంచెం ముందుకి లాక్కున్నాను.

రెండో ఊళ్ళో నవ్వు కాసేపు ఆగిపోయింది. పాక బయట అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చునుంది. యముణ్ణి కింద నుంచి పైకి చూసి, "నువ్వు ఏసం కట్టుకుని రావాలేటి నాయినా, మా ఊరికి రోజూ వస్తనే ఉన్నావు కదా" అంది. తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో ఇద్దరు కిడ్నీ జబ్బుతోనే పోయారట. మా యముడు కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. వాడి నాన్నకీ అదే జబ్బు. డయాలసిస్‌కి వాడే ఆటోలో తీసుకెళ్తాడు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచింది ఆ పండగకి నెల ముందు, 2023 డిసెంబరు 14న. ఉద్దానానికి ఈ జబ్బు ఎందుకొచ్చిందో ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు. వాడు కల్లు ముట్టడు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళే తాగుతాడు. యముడి వేషం ఎందుకు ఎంచుకున్నాడో మేం అడగలేదు. ముసలమ్మ పక్కన అరుగు మీద కూర్చుని వాడు చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు.

మూడో పాక జీడితోట పక్కన. అక్కడ ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని తాగుతున్నాడు. లుంగీ, ఏదో ఎన్నికల్లో పంచిన టీషర్టు, పక్కన అమ్ముడుపోగా మిగిలిన కొండచీపురు కట్టలు మూడు. గ్లాసు అందుకోగానే రెండు చుక్కలు నేల మీద వేశాడు. నాకు గుండె జారింది. మనవాడు.

అడవిమనిషి అలవాటుగా అరిచాడు. తాత తాపీగా వాణ్ణి చూసి సవరలో అడిగాడు, ఏ ఊరు నీది, ఎవరి మనవడివి అని. మావాడు ఇంకో అరుపు అరిచాడు. పాకలో అందరూ నవ్వారు. తాత నవ్వలేదు, కోప్పడనూ లేదు. మళ్ళీ అదే అడిగాడు, ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. మావాడికి అరుపులు అయిపోయాయి. "ఏటంటన్నాడ్రా?" అని నా వైపు తిరిగాడు. తాతా నా వైపు తిరిగి తెలుగులో, "దొరబాబూ, ఈ గుంటడికి నోరు లేదేటి?" అన్నాడు.

ఎంతసేపు ఊరుకున్నానో చెప్పలేను. గ్లాసు సగం తాగేంతసేపు అనుకోండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని 1931లో మా భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఆగస్టు 29న బళ్ళలో ఆయన వేషం కట్టే పిల్లలు కూడా ఉంటారు. ఆయనది కాని మాట ఆయన అంత కష్టపడి నేర్చుకుంటే, నాదైన మాట నాకు గొంతు దాటడం లేదు. కోటు లోపల చెమట.

చివరికి చెప్పాను. సవరలోనే. మా ఊరి పేరు, మా తాత పేరు. తాత నా టై పట్టుకుని లాగి చూసి ఒక్కసారిగా నవ్వాడు. ఎంత నవ్వాడంటే దగ్గొచ్చింది. మా తాతని ఎరుగునట. ఇద్దరూ కలిసి కొండచీపురు కోశారట. నా చేతిలో గ్లాసు చూపించి, నేలకు వేశావా అని అడిగాడు. వేయలేదు. వేశాను.

మిగతావాళ్ళు చుట్టూ నిలబడి వింటున్నారు. నాలుగేళ్ళలో నేను సవర మాట్లాడగా వాళ్ళు వినడం అదే మొదలు. ఫోన్లో అమ్మతో మాట్లాడాలంటే నేను హాస్టలు మేడ మీదకి పోయేవాణ్ణి. అడవిమనిషి కాసేపు బల్లెం నేల మీద గీస్తూ నిలబడి, "కట్టేటప్పుడే ఒక మాట అనొచ్చు కదరా" అన్నాడు. అనొచ్చు. ముడి వేసింది నేనే కదా, ఏమని బదులు చెప్పను? బోరింగు దగ్గరకెళ్ళి మొహం కడుక్కున్నాడు. బొగ్గు సగమే పోయింది. ఆకులు విప్పబోతే ముడి రాలేదు. నేనే విప్పాల్సి వచ్చింది. పాకవాడి మేక ఆ మామిడాకులు తినేసింది.

తాతకి మందస బస్సు అందాలని అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. ఆటోలో ఆయన యముడి పక్కన కూర్చుని గద ఒళ్ళో పెట్టుకుని, "దీంతో పందిని కొట్టొచ్చా బాబూ?" అని అడుగుతూ వచ్చాడు. కాశీబుగ్గలో దిగి ఒక చీపురు కట్ట నా చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "దొరగారి బంగళా ఊడ్చుకోడానికి" అన్నాడు, ఈసారి తెలుగులో, అందరికీ వినబడేలా. బస్సు కదిలేదాకా కిటికీలోంచి నా టై చూసి నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికెళ్ళేదాకా ఆ చీపురు చీరకి గుచ్చుకుంటోందని, అక్క చంపేస్తుందని సత్యభామ ఒకటే గొణుగుడు.