ముఖేడ్ మైదానంలో మూరెడెత్తు

పోయిన చలికాలం మా బిడ్డ ఇంటికి ముఖేడ్ పోయి నెలన్నర ఉండి వచ్చాను. అక్కడి సంగతులు రాయమని పత్రిక పిల్లలు అడిగారు. గుడి గురించి, బజారు గురించి రాద్దామని కూర్చున్నాను గాని, నాకు మల్ల మల్ల యాదికి వచ్చేది ఒక్కటే. అక్కడి బడి మైదానంలో నేను, నా మనవడు కలిసి రిమోటు హెలికాప్టర్‌ను గాలిలో నిలబెట్టడం నేర్చుకున్నాం. నవ్వకండి, అదే రాస్తున్నాను.

ముందు ఊరి గురించి రెండు మాటలు. సోలాపూర్‌లో ఎర్ర బస్సు ఎక్కితే తుల్జాపూర్, ఔసా దాటి లాతూర్ వస్తుంది. అక్కడ బస్సు మారాలి. ముఖేడ్ దగ్గరికి వచ్చేసరికి బాలాఘాట్ గుట్టలు అక్కడక్కడ కనబడతాయి. నేను పోయినప్పుడు చేలల్లో శనగ, జొన్న పచ్చగా ఉన్నాయి. ఊళ్ళో దశరథేశ్వరుని పాత రాతిగుడి ఉంది. గోడల మీద చెక్కిన బొమ్మలు నిలబడి చూడదగ్గవి. ముఖేడ్ ఇప్పుడు నాందేడ్ జిల్లాలో తాలూకా ఊరు. ఒకప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు దెగ్లూర్ తాలూకాలోని జుక్కల్, బిచ్కుంద పక్క ఊళ్ళు తెలుగు రాష్ట్రంలోకి పోయాయి. దెగ్లూర్, ముఖేడ్ బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాయి. 1960 నుంచి మహారాష్ట్ర. గీత అట్ల పడింది గాని, ఇళ్ళల్లో మాట మారలేదు. మా బిడ్డ ఇంట్లో తెలుగే. మనవడికి పదమూడేళ్ళు, మరాఠీ బడి. మనం తెలుగులో అడిగితే వాడు మరాఠీలో జవాబు చెబుతాడు. అందుకే మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. “అన్నం తిన్నావా, బడికి పోయినవా” అన్న కాడికే అయిపోయేది.

పోయిన మూడో రోజు నా చెప్పు మంచం కిందికి జారితే వంగి చూశాను. ఒక అట్టపెట్టె కనబడింది. తీస్తే లోపల మూరెడు పొడుగు హెలికాప్టర్, రెక్క ఒకటి విరిగి ఉంది. బిడ్డను అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. “పుణె నుంచి వాళ్ళ చిన్నాయన పంపిండు బాపూ. మొదటి రోజే గోడకు కొట్టి ఇరగ్గొట్టిండు. వాళ్ళ నాయిన బాగ తిట్టిండు. అప్పటి నుంచి మంచం కిందనే ఉంది. ముట్టడు, ఎవ్వర్ని ముట్టనియ్యడు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో తరువాత చెబుతాను.

మరునాడు పొద్దున వాణ్ణి తీసుకొని బడి మైదానానికి పోయాను. పెట్టెలో ఇంకో జత రెక్కలు ఉన్నాయి. చిన్న స్క్రూలు విప్పి బిగించడం నాకు కష్టమేమీ కాదు, చేతులకు ఆ పని అలవాటే. కాని ఎగరెయ్యడం మాత్రం వాడే నాకు నేర్పాలి. మొదటిసారి ఆ పిల్లవాడు నాతో పది నిమిషాలు విడవకుండా మాట్లాడాడు. సగం తెలుగు, సగం మరాఠీ.

వాడు చెప్పింది, నేను చేతులతో తెలుసుకున్నది కలిపి రాస్తాను. రిమోటు మీద రెండు స్టిక్కులు ఉంటాయి. మా దాంట్లో ఎడమ స్టిక్కు పైకి తోస్తే పెద్ద రెక్కలు జోరుగా తిరిగి పైకి లేస్తుంది, పక్కకు తోస్తే ముక్కు అటు తిరుగుతుంది. కుడి స్టిక్కుతో ముందుకు, వెనక్కు, పక్కలకు ఒరుగుతుంది. పెద్ద రెక్కలు ఒక దిక్కు తిరుగుతుంటే ఒళ్ళు ఎదురు దిక్కు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న పంకా. తోక నిలకడగా ఉండేటట్టు చూసే జైరో అనే పరికరం కూడా లోపల ఉంటుంది. కాని ఆ తోక పంకా గాలిని ఒక పక్కకు తోస్తుంది గనుక, నేల విడవగానే మొత్తం హెలికాప్టరే పక్కకు జరుగుతుంది. కుడి స్టిక్కును ఎదురు పక్కకు ఇసుమంత ఒరగబెట్టి ఉంచాలి. ఇది తెలియకనే మనవడు మొదటి రోజు గోడకు కొట్టాడు. తప్పు వాడిది కాదు, దాని గుణమే అంత.

గాలిలో నిలబడటం అంటే కదలకుండా ఉండటం అనుకున్నాను. కాదు. అది ఒక్క క్షణం కూడా ఊరికే ఉండదు. నిండు బిందె నెత్తిన పెట్టుకొని నడిచే ఆడమనిషిని చూడండి. బిందె కదలనట్టే ఉంటుంది గాని ఆమె మెడ, నడుము సర్దుకుంటూనే ఉంటాయి. ఇదీ అంతే. కుడికి జరిగితే ఎడమకు కొంచెం తోయాలి. ఆగే లోపలే ఆ తోపును వెనక్కు తీయాలి. ఆగినాక తీద్దామంటే అప్పటికే ఎడమకు పరుగెత్తుతుంది. నేను అదే చేశాను. సాంచా మీద పోగు తెగితే మనం ఆపి, అతికి, మల్ల నడిపిస్తాం. నలభై ఏళ్ళ చెయ్యి అలవాటు అది. దీన్ని ఆపి సర్దడం కుదరదు. నడుస్తుండగానే సర్దాలి. నేను పెద్దగా తోసేవాణ్ణి, అది ఊగి ఊగి పడేది. “తాతా, హళూ, హళూ!” అని వాడు అరిచేవాడు. మెల్లగా అని అర్థం.

ఐదో రోజు నా చేతుల్లోనే మల్ల ఒక రెక్క విరిగింది. ఆ రాత్రి అల్లుడి మొహం చూడలేకపోయాను. అతనికి బజారులో కుట్టు దుకాణం, లెక్క చూసి బతికే ఇల్లు. “మామా, మీరు గూడ వాని లెక్కనే చేస్తే ఎట్ల? పైసలు నీళ్ళల్ల పోసినట్టే గదా” అన్నాడు. మనవడు తల వంచుకొని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఇక్కడ నా పాత సంగతి చెప్పాలి. మా మిల్లులో నాడె లేని కొత్త సాంచాలు దించినప్పుడు జాబర్ నన్ను పిలిచి నేర్చుకోమన్నాడు. నాకంటే ముందు పోయిన ఇద్దరికి బట్టలో తప్పు పడిందని కూలి కోశారు. అది చూసి నేను “నాకు రాదు” అన్నాను. ఒక్కరోజు కూడా ముట్టకుండానే అన్నాను. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. తరువాత పాత సాంచాలు తుక్కు కింద పోయినప్పుడు ముందు ఇంటికి పోయింది మాలాంటి వాళ్ళమే. అప్పుడు పిల్లల చదువులు ఏమయ్యాయో ఈ బస్తీలో నా తోటివాళ్ళకు తెలుసు. మంచం కింద పెట్టెను చూసినప్పుడు నాకు గుచ్చుకున్నది ఇదే. ఆ పిల్లవాడు పదమూడేళ్ళకే “నాకు రాదు” అని పెట్టె మూసేశాడు.

అల్లుణ్ణి అడిగాను. “నువ్వు కుట్టు నేర్చుకున్నప్పుడు ఎంత బట్ట పాడు చేసినవు?”

అతను కాసేపు ఊరుకొని నవ్వాడు. “మా ఉస్తాదు కొత్త బట్ట ముట్టనిస్తడా మామా? ఆరు నెలలు పేలికలే కుట్టిచ్చిండు. తప్పు పోతే పేలికనే గదా పోయేది.”

ఆ మాటతోనే దారి దొరికింది. తప్పు చేసినా నష్టం తక్కువ ఉండేటట్టు చూసుకోవాలి. తెల్లారి అల్లుడే సన్నని వెదురు పుల్లలు చీల్చి ఇచ్చాడు. రెండు పుల్లలను కూడిక గుర్తులాగ కట్టి హెలికాప్టర్ కాళ్ళ కింద బిగించాం. నాలుగు కొసలకు పిల్లల ప్లాస్టిక్ బంతులు గుచ్చాం. ఇప్పుడది ఒక పక్కకు ఒరిగి దిగినా తిరగబడదు, రెక్క నేలకు తగలదు. ఆట బాగా తెలిసినవాళ్ళు కూడా కొత్తవాళ్ళకు ఇట్లాంటి కాళ్ళే కట్టిస్తారని తరువాత తెలిసింది. నా పింఛను ఎంతో మీకు తెలుసు. అందులో నుంచే నాలుగు జతల రెక్కలు తెప్పించి వాడి ముందు పెట్టాను. “ఇవి ఇరగడానికే తెచ్చిన. అన్నీ ఇరిగినంక ఆలోచిద్దాం” అన్నాను.

అసలు హెలికాప్టర్లు చేసిన ఒకాయన కథ కూడా ఇదే. ఇగోర్ సికోర్‌స్కీ రష్యా నుంచి అమెరికా పోయిన ఇంజనీరు. 1939 సెప్టెంబరు 14న తన యంత్రాన్ని మొదటిసారి లేపినప్పుడు దాన్ని తాళ్ళతో కింద కట్టి ఉంచాడు. నేల విడిచింది కొద్ది సెకన్లే. నడిపింది ఆయనే. కట్లు లేకుండా ఎగిరింది 1940 మే 13న. నడుమ ఎన్ని మార్పులు, ఎన్ని తంటాలు! అంత పెద్ద ఇంజనీరే తాళ్ళు కట్టుకొని నేర్చుకుంటే, మేము వెదురు పుల్లలు కట్టుకోవడానికి సిగ్గేముంది?

తరువాత వరుసగా ఇట్ల చేశాం. మొదటి వారం ఎగరెయ్యలేదు. రెక్కలు తిప్పి, నేల మీద తేలికగా జారేటట్టు చేసి, తోకను మా వైపు నిలపడం నేర్చుకున్నాం. తోక మన వైపు ఉంటే మన కుడి దాని కుడి ఒకటే. ముక్కు మన వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారు, కొత్తవాడికి అక్కడే పడిపోతుంది. రెండో వారం జానెడు ఎత్తు. నేలకు మరీ దగ్గరగా ఉంటే రెక్కల గాలి కిందకొట్టి తిరిగొస్తుంది, నూనె మీద నిలబడ్డట్టు జారుతుంది. భయపడి ఆ జానెడులోనే ఉంటే ఇంకా కష్టం. మూరెడు పైకి పోతే నిలకడ వస్తుంది. ధైర్యం చేసి ఆ మూరెడు పోవడానికి నాకు ఇంకో వారం పట్టింది.

ఇరవై రెండో రోజు పొద్దున ఏడు గంటలకు, గాలి లేదు, గుట్టల మీద పలచగా మంచు ఉంది. మనవడు స్టిక్కులు పట్టుకున్నాడు. హెలికాప్టర్ మూరెడెత్తు లేచి, కొంచెం ఊగి, నిలబడింది. నేను మాట్లాడలేదు. వాడే లెక్కపెట్టాడు, తెలుగులో. ఒకటి, రెండు, మూడు... ఇరవై దాకా వచ్చాడు. ఆపైన తెలుగు అంకెలు వాడికి రావు. “ఏక్‌వీస్, బావీస్” అని మరాఠీలో ముప్పై దాకా పోయి మెల్లగా దించాడు. ఇంటికి వస్తూ దారిలో అడిగాడు. “తాతా, ఇరవై తర్వాత ఏమంటారు?” వంద దాకా చెప్పుకుంటూ వచ్చాను. నాకు నిలబడింది ఇంకో నాలుగు రోజులకు. పన్నెండు వరకే. చాలు.

మన పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రెక్క తిరిగేటప్పుడు కన్నుకు తగిలితే కన్ను పోతుంది. నాలుగైదు అడుగులు కాదు, పది అడుగులు వెనక నిలబడాలి, చిన్నపిల్లలను ఇంకా దూరం ఉంచాలి. పొద్దున గాలి లేనప్పుడే ఎగరెయ్యాలి. కరెంటు తీగలు, రోడ్డు, విమానాలు దిగే చోట్ల దగ్గరికి పోవద్దు. బ్యాటరీ ఆరేడు నిమిషాలు వస్తుంది, ఆ తరువాత మోటారును చల్లారనివ్వాలి. ఆ లిథియం బ్యాటరీని దానికిచ్చిన ఛార్జరుతోనే ఛార్జి చెయ్యాలి. పరుపు మీద పెట్టి నిద్రపోవద్దు, ఎదురుగా మనిషి ఉండాలి. ఉబ్బితే మల్ల వాడొద్దు, అంటుకుంటుంది. అన్నిటికంటే ముందు, విరిగే రెక్కల ఖర్చు కలుపుకొనే కొనాలి. ఆ ఖర్చుకు లేకపోతే ఇప్పుడే కొనవద్దు. కొనిచ్చి, విరిగితే తిట్టడం కంటే అదే మంచిది.

నేను తెచ్చిన నాలుగు జతల్లో మూడు విరిగాయి. రెండు నా చేతుల్లో, ఒకటి అల్లుడి చేతుల్లో. అవును, ఒక ఆదివారం అతనూ దుకాణం ఆలస్యంగా తెరిచాడు. నాలుగో జత ఇంకా ఉంది. మొన్న మనవడు ఫోను చేశాడు. ముక్కు తన వైపు తిప్పి నిలబెట్టడం మొదలుపెట్టాడట, రోజూ పడుతోందట. ఆ మాట తెలుగులోనే చెప్పాడు.