థోమండ్ పార్క్‌లో పండగ ఆట

క్రిస్మస్ విందు అరిగీ అరగకముందే ఐర్లండ్‌లోని లిమరిక్ ఊరు రగ్బీకి సిద్ధమైపోతుంది. మన్‌స్టర్, లెన్‌స్టర్ జట్ల పండగ రోజుల లీగ్ పోరంటే దాయాదుల తగవే. ఊళ్లోని థోమండ్ పార్క్ మైదానంలో పాతిక వేల మంది పడతారు, గొంతులు చించుకుంటారు. అదే ఎవరైనా పెనాల్టీ కిక్‌కి బంతి నిలబెట్టారా, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. తన్నేవాడు డబ్లిన్ నుంచి వచ్చిన లెన్‌స్టర్ ఆటగాడైనా సరే! మన క్రికెట్ మైదానాల్లో ఈ మర్యాద ఎప్పుడు చూస్తామో. 1978లో న్యూజిలాండ్‌ని మన్‌స్టర్ 12-0తో మట్టికరిపించింది ఈ థోమండ్ పార్క్‌లోనే. ఈమధ్య లెన్‌స్టర్‌దే పైచేయి. అయినా నా మొగ్గు మన్‌స్టర్‌కే, కారణం అడక్కండి. రాత్రి ఆటైతే మనకి అర్ధరాత్రి దాటిపోతుంది. నిద్ర ఆపుకోగలిగితే మొదటి పావుగంటైనా చూడండి.