గాజు ఇంట్లో చేపల కాపురం

రామేశ్వరం వెళ్లే తెలుగువాళ్ల కళ్లన్నీ పాంబన్ వంతెన మీదే ఉంటాయి. 1914 నాటి పాత రైలు వంతెన పక్కనే, 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెన మీదుగా రైలు వెళ్తుంటే కిందంతా నీళ్లే. ఆ సందడిలో వంతెనకు ఈవలే ఉన్న మండపం ఊరిని పట్టించుకునేవాళ్లు తక్కువ. అక్కడ ఓ పూట ఆగితే మాత్రం... ఆ నీళ్లలో ఎవరుంటారో, వాళ్లలో ఎవరికి ఎవరితో పడదో తెలుస్తుంది!

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం 1971లో కొచ్చికి మారేదాకా మండపంలోనే ఉండేది. ఇప్పుడిక్కడ ప్రాంతీయ కేంద్రం నడుస్తోంది. సందర్శకుల కోసం మ్యూజియం, అక్వేరియం ఉన్నాయి. వేళలు ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. దక్షిణాన మన్నార్ సింధుశాఖ. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా వరసగా ఉన్న 21 దీవుల్నీ, వాటి చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్నీ 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు.

రంగురంగుల చేపల్ని చూశాక పిల్లలు ఊరుకుంటారా? ‘మనింట్లోనూ పెడదాం’ అని మొదలుపెడతారు. పెట్టొచ్చు. కానీ ఇంట్లోది సముద్రం కాదు, వంద లీటర్ల గాజు తొట్టె. అందులో హాయిగా బతికేవి మూడో నాలుగో చిన్న చేపలే. ఆ నాలుగూ ఎవరన్నదే అసలు సంగతి.

ఒకే ఒరలో...

అందరికీ ముందు గుర్తొచ్చేది ‘ఫైండింగ్ నెమో’ సినిమాలోని క్లౌన్ చేప. చిన్న తొట్టెకు ఇదే మంచి ఎంపిక. వీటిలో పుట్టుకతో ఆడచేప ఉండదు. ఒకే జాతి బుల్లి చేపలు రెండు తెస్తే, పెద్దగా ఎదిగింది ఆడదవుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. కాపురం కుదిరినట్టే! అదే వేర్వేరు జాతుల క్లౌన్లను కలిపితే ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టినట్టు.

నీలి డామ్సెల్ చవక. గట్టిపిండం కూడా. అందుకే చాలామంది మొదట దాన్నే తెస్తారు. ముందొచ్చిన ఆ చేప తొట్టె మొత్తం తనదే అనుకుంటుంది. తర్వాత వచ్చినవాటిని మూలకు తరిమి రెక్కలు కొరుకుతుంది. కాబట్టి గోబీ, ఫైర్‌ఫిష్ లాంటి సాధువుల్ని ముందు, దుడుకువాటిని చివర్న వదలాలి. ఫైర్‌ఫిష్ బెదిరితే బయటికి దూకేస్తుంది. తొట్టెకు మూత తప్పనిసరి.

‘డోరీ’గా పేరుపడ్డ బ్లూ ట్యాంగ్ అడుగు పొడవు దాకా పెరుగుతుంది. చిన్న తొట్టె దానికి జైలే. లయన్‌ఫిష్ తన నోట్లో పట్టే చేపనల్లా మింగేస్తుంది. దాని ముళ్లలో విషమూ ఉంటుంది. మాండరిన్ చేప ఎవరి జోలికీ పోదు కానీ, రోజంతా సూక్ష్మజీవుల్ని ఏరుకు తింటుంది. కొత్త తొట్టెలో అవి దొరక్క చిక్కి చిక్కి చచ్చిపోతుంది.

తొందర పనికిరాదు

ఉప్పునీళ్లు పోసిన రోజే చేపల్ని వదలకూడదు. వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా తయారవడానికి వారాలు పడుతుంది. నీటిలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాకే మొదటి చేప. ఆ తర్వాత కొన్ని వారాల ఎడంతో ఒక్కొక్కటీ. నీళ్లు ఆవిరైతే మంచినీళ్లే కలపాలి. ఉప్పు ఆవిరవదు కదా!

ఇంకోమాట. పగడాలు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. దిబ్బల నుంచి వాటిని తీసుకోవడం, అమ్మడం నేరం. చేపల కోసమూ సముద్రాన్ని కొల్లగొట్టనక్కర్లేదు. క్లౌన్, డామ్సెల్ చేపల్ని హేచరీల్లో పుట్టించే పద్ధతులు ఈ సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో రూపొందించారు. అలా పుట్టినవి తొట్టె బతుక్కి అలవాటుపడి ఉంటాయి, మేతా సులువుగా తింటాయి.

ఇది ఎక్కడ పుట్టింది? ఎంత పెరుగుతుంది? ఎవరితో పడదు? చేపల కొట్లో డబ్బు తీసేముందు పిల్లలు ఈ మూడు ప్రశ్నలూ అడగగలిగితే, మండపంలో ఆగిన ఆ పూట దండగ కానట్టే!