కేంద్రకంలోని గట్లు: స్వభావ పరివర్తనకు ఒక దృష్టాంతం



"ఈ వయస్సులో స్వభావం మారుతుందా స్వామీ?" ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల ఆలయాలలో ప్రౌఢ గృహస్థులు అర్చకులను తరచుగా అడిగే ప్రశ్న ఇది. సమాధానానికి ఆధునిక జీవశాస్త్రం ఒక చక్కని దృష్టాంతాన్ని అందిస్తున్నది.

చర్మకణంలోను, హృదయకణంలోను ఉన్న డీఎన్ఏ ఒక్కటే. సుమారు 2 మీటర్ల ఆ సూత్రం కంటికి కనిపించనంత సూక్ష్మమైన కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. ఆ అమరికకు ఒక క్రమం ఉన్నది. కణానికి అక్కరలేని జన్యుభాగాలు చాలావరకు బిగువుగా చుట్టుకొని, కేంద్రకపు అంచున లామిన్ అనే ప్రోటీన్ల జాలాన్ని అంటి మౌనం వహిస్తాయి. పనిచేసే భాగాలు విప్పారి ఉంటాయి. హైదరాబాదులోని సీసీఎంబీలో వీణా పర్నాయిక్ ఈ లామిన్లపై దీర్ఘకాలం పరిశోధించారు.

మౌనం వహించినది నశించలేదని 1962లో జాన్ గర్డన్ నిరూపించాడు. తోకకప్ప ప్రేగుకణపు కేంద్రకాన్ని, స్వీయకేంద్రకం లేని అండంలో ప్రవేశపెట్టగా కొన్నింటి నుండి నూతన జీవులు ఉద్భవించాయి. 2006లో షిన్యా యమనాక నాలుగు జన్యువుల సహాయంతో ఎలుక చర్మకణాలను మూలస్థితికి మరల్చాడు. ఇరువురికీ 2012లో నోబెల్ పురస్కారం లభించింది.

అదే 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. గట్లు ఉన్నప్పుడు సరస్సు భూమి మారలేదు, నీటి గతి మాత్రమే నిరోధింపబడింది. తరువాత కొన్నిచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. కణంలోనూ అంతే. యమనాక తొలి ప్రయోగాలలో నూటికి ఒక్క కణమైనా మరలలేదు. బిగువుగా చుట్టుకొన్న భాగాలు సులభంగా విప్పారవు. మరలిన కణాలలో సైతం పూర్వస్థితి జాడలు కొన్ని మిగులుతాయి. మూలస్థితిలోనే శరీరంలో ఉంచితే అవి కంతులుగా పెరుగుతాయి. వాటిని మరల ఒక నియత కర్మకు సిద్ధపరచాలి.

ఇది వేదంలో ముందే చెప్పబడిందనడం యుక్తం కాదు. కణం జడం, ఆత్మ చైతన్యం. దృష్టాంతం ఒక అంశంలోనే వర్తిస్తుంది. వాసనలు స్వభావాన్ని బంధిస్తాయే గాని అంతర్గత సామర్థ్యాన్ని నశింపజేయవు. కనుక ఆ గృహస్థునికి సమాధానం: మారుతుంది. కాని ఒక్క దీక్షతో, ఒక్క తీర్థయాత్రతో కాదు. గట్టు తెగిన తరువాతనే నిత్యాభ్యాసం మరింత అవసరం. విడుదలైన శక్తికి స్వధర్మమనే మార్గం చూపనిచో అది అనర్థహేతువు అవుతుంది.

స్వస్తి.