తప్పుల్లేని పేజీ, ఎవరూ చదవలేని పేజీ



ఊరి కోసమో సంఘం కోసమో చిన్న సైటు చేసుకుంటున్న తమ్ముళ్ళు ఈ మధ్య మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "కోడ్ అంతా స్టాండర్డ్స్ ప్రకారమే రాయాలా అన్నా? పేజీ కనిపిస్తే చాలదా?" దీనికి జవాబు మేం నూజివీడులో చదువుకునే రోజుల్లో దెబ్బ తిని నేర్చుకున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం. ఒకరిది బుట్టాయగూడెం వైపు కోయ ఊరు, ఒకరిది పోలవరం కొండల్లో కొండరెడ్ల ఊరు, ఒకరిది ఎ.కొండూరు వైపు తండా. మామిడి సీజన్ వస్తే తండా నుంచి వచ్చిన వాడి అమ్మానాన్నలు నూజివీడు తోటల్లోనే కోత పనికి దిగేవాళ్ళు. వాళ్ళు చిక్కాలతో కాయ దింపుతుంటే మేం లాబ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం. అప్పుడే అనుకున్నాం, మామిడి కొత్తల పండగ గురించి ఒక పేజీ పెడదామని. కొత్తలు చేసేదాకా మా ఊళ్ళలో కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. ఎందుకు పెట్టరో పెద్దవాళ్ళు చెప్పింది నోటుబుక్కులో రాసుకొచ్చాం. మాకు టైపింగు రాదు కాబట్టి డీటీపీ షాపులో ఇచ్చి అను ఫాంటులో కొట్టించాం. దాన్ని తెచ్చి పేజీలో అతికించాం.

సీనియర్ అన్న ఒకాయన చూసి, "ముందు డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో వేసి చూడండిరా" అన్నాడు. వేస్తే 47 తప్పులు! రెండు రాత్రులు కూర్చుని సున్నాకు తెచ్చాం. వాటిలో ఒకటి నిజంగా పనికొచ్చింది. ఒక లింకులో చివరి కోట్ గుర్తు మర్చిపోయాం, దాంతో ఒక పేరా మొత్తం మింగుడు పడిపోయింది. మిగతావి చాలావరకు సరిచేసినా, చేయకున్నా పేజీ అలాగే కనిపించింది. అయినా సున్నా చూసి మురిసిపోయాం. ఆ సంబరంలోనే లింకు ఊరికి పంపాం.

మర్నాడు ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, తాత చదివి వినిపించమంటున్నాడు. ఇదేం భాష? అన్నీ పిచ్చి ఇంగ్లీషు గుర్తులు ఉన్నాయి."

మా కంప్యూటర్లో అను ఫాంటు ఉంది కాబట్టి మాకు తెలుగు కనిపించింది. నిజానికి ఆ ఫైల్లో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లు, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఆ ఫాంటు లేని ఫోనుకు అసలు నంబర్లే కనిపిస్తాయి. వాలిడేటర్ ట్యాగులు చూస్తుంది గానీ తాతకు అర్థమైందా లేదా అని చూడదు. అందుకే అది సున్నా అంది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే 128 గదులున్న సొంత చోటు ఉంది. మేం దాన్ని వదిలి పక్కవాడి ఇంట్లో కూర్చున్నాం. ఒకప్పుడు తెలుగు పేపర్ల సైట్లు కూడా ఒక్కోటి ఒక్కో ఫాంటుతో ఇలాగే నడిచాయి. ఒక పేపర్లో వార్తను వెతుకుదామంటే దొరికేది కాదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వచ్చేవి. మేం తిట్టుకుంటూనే పేజీ మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ కొట్టుకున్నాం. మాకు టైపింగు వచ్చింది అప్పుడే.

రెండో దెబ్బ చూపులేని మా క్లాస్‌మేట్ దగ్గర తగిలింది. వాడు స్క్రీన్ రీడర్‌తో వింటే, అది మా తెలుగును ఇంగ్లీషు గొంతుతో తడబడుతూ చదివింది. పేజీ పైన భాష 'ఇంగ్లీషు' అని రాసి వదిలేశాం మరి. అక్కడ తెలుగు అని మార్చాక సరిగ్గా చదివింది. ఇక్కడ కూడా వాలిడేటర్ సున్నానే చూపించింది.

అలాగని స్టాండర్డ్స్ దండగ అనడం లేదు. 2000లో వచ్చిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పట్టుదల ఎక్కువది. దాన్ని ఎక్స్ఎంఎల్‌గా పంపితే ఒక్క ట్యాగు మూయకపోయినా బ్రౌజర్ పేజీ ఆపేసి తప్పు చూపించేది. 2014లో ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5 మాత్రం, తప్పు రాస్తే బ్రౌజర్లన్నీ దాన్ని ఒకేలా ఎలా సర్దుకోవాలో కూడా రాసిపెట్టింది. మనుషులు తప్పులు చేస్తారని రూలు రాసేవాళ్ళే ఒప్పుకున్నారన్నమాట.

తోటలో ఉన్నవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. చిన్న రసాలు కోసేటప్పుడు సొన కారితే తోలు మీద నల్ల మచ్చ పడుతుంది. గ్రేడింగులో రేటు తగ్గుతుంది, లోపల రసం మాత్రం తీపే. ముదరకముందే కోసిన కాయ నున్నగా ఉంటుంది, ఎంత మాగబెట్టినా ఆ రుచి రాదు. వాలిడేటర్ చెప్పేవాటిలో చాలా భాగం తోలు మీద మచ్చలు. యూనికోడ్, భాష పేరు, ఫోనుకు సరిపడే వెడల్పు, బొమ్మకు మాటల్లో వివరణ, వరసగా శీర్షికలు మాత్రం ముదురు సంగతి. వాటిలో రాజీ పడొద్దు.

మన పిల్లలు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. సవర భాషకు మంగేయి గొమాంగో 1936లో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి యూనికోడ్‌లోకి వచ్చింది 2012లో. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో రాతప్రతులు దొరికిన గోండి లిపి వచ్చింది 2018లో. అప్పటిదాకా ఆ అక్షరాలకు కంప్యూటర్ లోకంలో చిరునామా లేదు. ఏ ఫోనులో చూసినా ఒకేలా ఉండే గది కావాలని కొందరు పట్టుబట్టి అడిగి తెచ్చుకున్నారు. స్టాండర్డ్ అంటే మనకు పెట్టిన ఆంక్ష అనుకుంటాం గానీ, కొన్నిసార్లు అది పట్టా లాంటిది. భూమికి పట్టా ఎంత అవసరమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

కాబట్టి తమ్ముళ్ళూ, వాలిడేటర్‌లో వేయండి, అది చెప్పింది వినండి, కానీ సున్నా కోసం రాత్రులు పాడుచేసుకోవద్దు. పేజీ అయ్యాక ఊళ్ళో అన్నిటికంటే చవక ఫోనులో తెరిచి, తాతకు చదివి వినిపించండి. ఆయన మధ్యలో ఆపి "అలా కాదురా, ఆ పండగ ఇలా చేస్తాం" అని దిద్దితే, మీ పేజీ పాసైనట్టే.